‘యా’ అంటే ఏ ఇంట్లో ఏమిటి?

ఈసారి ఒకే ఒక్క అక్షరం గురించి రాస్తున్నాను. చదివాక ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి, వాళ్లకు నచ్చుతుంది. ఆ అక్షరం ‘యా’.

మన ఇళ్లలో దీనికి రెండు పనులు. ఒకటి పిలుపు. పాలు పొంగిపోయినా, కాలు జారినా, అర్ధరాత్రి ఫోన్ మోగినా నోట్లోంచి ముందు వచ్చేది ‘యా అల్లాహ్’. అది అరబీ యా. రెండోది ఎంపిక. ‘చాయ్ యా కాఫీ?’ ‘ఆజ్ యా కల్?’ అది ఫార్సీ మీదుగా ఉర్దూకి వచ్చిన యా, తెలుగులో ‘లేదా’. సూరత్ ఒకటే గానీ ఖాందాన్‌లు వేరు. అరబీ యా పుట్టినప్పటి నుంచీ పిలుపే. ఫార్సీ యా మాత్రం ఇస్లాం రాకముందు ఇరాన్‌లో మాట్లాడిన పహ్లవీలో ‘అయాబ్’ అనే పెద్ద మాట. జనం నోళ్లలో నలిగి నలిగి చివరికి ఇంత మిగిలింది.

ఈ రెండు యాలతోనే అరవై ఏళ్లు గడిపేశాను. మూడోదీ నాలుగోదీ ఉన్నాయని ఫిన్లాండ్ వెళ్లాక తెలిసింది.

మా పెద్దోడు ఎస్పోలో ఉంటాడు. హెల్సింకీని ఆనుకుని ఉన్న ఊరు. మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే అడవే. బహూకి రెండో కాన్పు అని ఎండాకాలం మూడు నెలలు అక్కడ ఉన్నాను. (ఎండాకాలం అంటే జూన్‌లో మగ్రిబ్ రాత్రి పదిన్నర దాటాక అన్నమాట. ఇషా సంగతి అడక్కండి.) ఆ దేశానికి రెండు అధికార భాషలు, ఫిన్నిష్, స్వీడిష్. స్వీడిష్ మాట్లాడేవాళ్లు నూటికి ఐదుగురే అయినా మెట్రోలో స్టేషన్ పేర్లు రెండు భాషల్లో వినిపిస్తాయి, వీధి బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని, బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేను. ఆ చదవడంలోనే ఈ చిన్న మాట తగిలింది. రోమన్ అక్షరాల్లో ‘జె’, ‘ఎ’. ఆ దేశాల్లో జెని ‘య’ అని పలుకుతారు కాబట్టి అది ‘యా’. స్వీడిష్ వాళ్లకు అది హాఁ, మన ‘అవును’. ఫిన్నిష్ వాళ్లకు అదే మాట, కాస్త పొట్టిగా ‘య’ అని, ఔర్. అంటే ఒకే ఊళ్లో ఒకే బోర్డు మీద ఒకే రెండు అక్షరాలు, పై వరసలో కలపడానికీ కింది వరసలో ఒప్పుకోడానికీ పనికొస్తాయి. మనకేమో అదే శబ్దం విడదీయడానికి పనికొస్తుంది!

దీనివల్ల మా ఇంట్లో ఒక చిన్న కంగారు కూడా జరిగింది. నా పోతాకి నాలుగేళ్లు. పిల్లల బడిలో రోజంతా ఫిన్నిష్, ఇంటికొస్తే మూడు భాషల ఖిచిడీ. ఒకరోజు కడపలో ఉన్న మా అమ్మీతో వీడియోలో మాట్లాడుతూ, బడిలో వేసిన బొమ్మ చూపించి ‘అమ్మీ య అబ్బా, అమ్మీ య అబ్బా’ అంటున్నాడు. బొమ్మలో ఇద్దరు మనుషులు చెరో చివర నిలబడి ఉన్నారు. మా అమ్మీకి ఎనభై నాలుగు. ఆమె చెవికి అది ‘అమ్మీ యా అబ్బా’. అమ్మా, నాన్నా, ఎవరు కావాలో తేల్చుకోమన్నట్టు. ఫోన్ నాకివ్వమంది. గొంతు తగ్గించి, ‘క్యా బోల్రా బచ్చా? మియా బీవీ మే ఝగడా హోగయా క్యా?’ అని అడిగింది. కాదమ్మీ, అక్కడి భాషలో య అంటే ఔర్, అమ్మా నాన్నా అంటున్నాడు అని చెప్పాను. కాసేపు నమ్మలేదు. నమ్మాక, ‘ఔర్‌కు యా బోల్తే? ఉల్టా ముల్క్ హై’ అని తీర్పు ఇచ్చి పెట్టేసింది. అయినా ఆ రాత్రి వాళ్లిద్దరి పేరు మీద రెండు రకాతుల నఫిల్ చదివిందని తర్వాత మా చెల్లెలు చెప్పింది.

ఉల్టా ముల్క్ సంగతి తేల్చుకుందామని కూచున్నాను. తవ్వితే దాని తారీఖ్ చాలా వెనక్కి పోయింది.

జర్మన్, డచ్, స్వీడిష్, డేనిష్, ఇంగ్లిష్ ఇవన్నీ ఒక ఖాందాన్. జర్మానిక్ భాషలంటారు. ఫిన్నిష్, ఎస్టోనియన్, కరేలియన్ వేరే ఖాందాన్. హిందీకి తెలుగు ఎలాగో జర్మానిక్‌కి ఫిన్నిష్ అలాగ. పక్కపక్కనే కాపురం, పుట్టుకతో చుట్టరికం లేదు. జర్మానిక్ ఖాందాన్‌లో మనకు పెద్దగా రాతలో మిగిలిన అతి పాత భాష గోతిక్. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ ఆ భాషకు అక్షరాలు కూర్చి, బైబిల్‌ని అందులోకి తర్జుమా చేశాడు. ఆ తర్జుమాకి ఆరో శతాబ్దంలో రాసిన ఒక ప్రతి స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉంది. ఊదా రంగు వేసిన తోలు మీద వెండి సిరాతో, అక్కడక్కడా బంగారు సిరాతో రాశారు. మొత్తం 336 ఆకులు ఉండేవట, ఉప్సలాలో మిగిలినవి 187. ఇంకో ఆకు 1970లో జర్మనీలోని స్పేయర్ చర్చిలో బయటపడింది. ఎక్కడి ఆకు ఎక్కడికి పోయిందో చూడండి. పాత ఖురాన్ ప్రతుల కథలు విన్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

ఆ గోతిక్‌లో ‘యా’ అంటే అవును, ‘యహ్’ అంటే మరియు. రెండూ తోడబుట్టినవే. ‘యహ్’ చివర ఉన్న ఆ హ్ కూడా ఊరికే వచ్చింది కాదు. లాటిన్‌లో మాట చివర అతికించే ‘క్వె’, సంస్కృతంలోని ‘చ’, ఈ హ్, మూడూ ఒకే వేరు నుంచి వచ్చినవని భాషా పండితులు తేల్చారు. నేను ఏళ్ల తరబడి పిల్లలకు ‘చ అంటే మరియు, వినయం చ విద్య చ’ అని చెప్పినదాన్ని. ఆ ‘చ’ చుట్టం ఒకటి ఆ చలిదేశంలో ఊదా రంగు తోలు మీద కూచుని ఉందంటే నాకు భలే ఖుషీ అనిపించింది. ‘అవును’కి ‘చ’ చేరిస్తే ‘మరియు’ అయిందన్నమాట.

తర్వాత ఏమైందంటే, జర్మానిక్ వాళ్లు ఈ ‘యహ్’ని పోగొట్టుకున్నారు. ఇవాళ జర్మన్‌లో మరియుకి ‘ఉంట్’, ఇంగ్లిష్‌లో ‘అండ్’, స్వీడిష్‌లో ‘ఓక్’ అని రాసి ‘ఓ’ అని పలుకుతారు. అవన్నీ వేరే మాటలు. వాళ్ల ఇంట్లో యా ఒక్క ‘అవును’గానే మిగిలింది. కానీ వాళ్లు పోగొట్టుకోకముందే, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఇరుగూపొరుగూగా ఉన్న రోజుల్లో, ఫిన్నిక్ జనం ఆ మాట అడిగి తీసుకున్నారు. తీసుకున్నది ఇప్పటికీ వాడుతున్నారు, రోజుకు వెయ్యిసార్లు. దీన్ని నేను అప్పు అనను. అమానత్ అంటాను. ఇచ్చినవాళ్లు మర్చిపోయినా పుచ్చుకున్నవాళ్లు భద్రంగా ఉంచారు.

ఇదొక్కటే కాదు. రాజుకి పాత జర్మానిక్ మాట ‘కునింగజ్’. ఇంగ్లిష్‌లో అది కింగ్ అయ్యింది, జర్మన్‌లో కోనిఖ్ అయ్యింది, తోక తెగింది. ఫిన్నిష్‌లోనూ ఎస్టోనియన్‌లోనూ ఇవాళ్టికీ ‘కునింగస్’, తోకతో సహా. చక్రానికి, వలయానికి వాడే ‘రెంగస్’ కూడా అలాంటిదే. ఆఖరికి అమ్మని పిలిచే ‘ఐతి’ కూడా జర్మానిక్ నుంచి తెచ్చుకున్నదే. గోతిక్‌లో అమ్మకి అదే మాట. ఫిన్నిష్‌కి సొంతంగా ఉన్న పాత ‘ఎమ’ జంతువుల తల్లికి పరిమితమైపోయింది, ఎస్టోనియాలో మాత్రం అమ్మ ఇంకా ‘ఎమ’నే. అమ్మ అనే మాటనే పొరుగింటి నుంచి తెచ్చుకున్న వాళ్లున్నారంటే, ఇంట్లో ‘అమ్మ’నా ‘అమ్మీ’నా ‘మమ్మీ’నా అని మనం పడే గొడవ కాస్త చిన్నబోతుంది కదా!

ఈ అమానత్‌లన్నిటినీ మొదట పద్ధతిగా లెక్క కట్టినవాడు విల్హెల్మ్ థామ్సన్ అనే డేనిష్ పండితుడు. ఫిన్నిక్ భాషల మీద జర్మానిక్ ప్రభావం గురించి 1869లో పుస్తకం రాశాడు. ఉర్దూ ఇళ్లవాళ్లం మనం ఈయన పేరు ఇంకో కారణానికి కూడా గుర్తుపెట్టుకోవాలి. మంగోలియాలో ఓర్ఖోన్ నది దగ్గర దొరికిన రాతి శాసనాలను 1893లో మొట్టమొదట చదవగలిగింది ఈయనే. అవి తుర్కీ భాష పాత శాసనాలు. ‘ఉర్దూ’ అనే పేరే తుర్కీ మాట, ‘ఓర్దు’ అంటే సైన్యం విడిది. ఫిన్నిష్ వాళ్ల య ఎక్కడిదో చెప్పిన మనిషీ, మన జబాన్ పేరు పుట్టిన ఖాందాన్ పాత రాతని చదివిన మనిషీ ఒకరే.

సరే, ‘ఔర్’ లాంటి మాట లేకుండా ఒక జనం ఎలా బతికారు, దాన్ని కూడా పక్కింట్లో అడుక్కోవాలా అని మీరు అడగొచ్చు. తెలుగువాళ్లకు జవాబు ఇంట్లోనే ఉంది. తెలుగులో ‘మరియు’ ఎక్కడుంది? శుభలేఖ మీద ఉంది, కోర్టు నోటీసులో ఉంది. ఇంట్లో ఎవరూ ‘అమ్మ మరియు నాన్న వచ్చారు’ అనరు. ‘అమ్మా నాన్నా వచ్చారు’ అంటాం. ఉప్పూ కారం, పగలూ రాత్రీ. చివరి అచ్చుని సాగదీస్తే చాలు, రెండూ కలిసిపోతాయి. పిల్లల వ్యాసాల్లో నేను ఎన్ని ‘మరియు’లు ఎర్ర సిరాతో కొట్టేశానో లెక్కలేదు. ఫిన్నిష్ కూడా అలాంటి భాషే. రేయింబవళ్లు అనడానికి వాళ్లు ఇప్పటికీ రాత్రి, పగలు అనే మాటలు పక్కపక్కన పెట్టేస్తారు, మధ్యలో య రాదు. సొంతంగా కలుపుకునే పద్ధతులున్నా పొరుగుతో బేరాలాడుతూ, పెళ్లిళ్లు చేసుకుంటూ ఉంటే ఇలాంటి చిన్న మాటలే ముందు అంటుకుంటాయి. మన దఖ్నీనే చూడండి. ‘వద్దు’ అనే అంత ముఖ్యమైన మాట మనకు ‘నక్కో’. అది మరాఠీ ‘నకో’. ఢిల్లీవాళ్లు నవ్వినా నవ్వని, మన నాన్నమ్మలు నక్కో అనే మనల్ని పెంచారు.

ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. ఫిన్నిక్ ఖాందాన్‌లోనే తూర్పు వైపు, రష్యా లోపల ఉన్న కరేలియన్, వెప్స్ లాంటి భాషలు ‘మరియు’కి రష్యన్ ‘దా’ని తీసుకున్నాయి. రష్యన్‌లో దా అంటే ఏమిటి? అవును! రష్యన్లు పాత పలుకుబడిలో ‘మరియు’కి కూడా దానే వాడతారు. అంటే పడమటి ఫిన్నిక్ జనం పడమటి పొరుగువాళ్ల నుంచి, తూర్పు జనం తూర్పు పొరుగువాళ్ల నుంచి, విడివిడిగా, శతాబ్దాల తేడాతో, కలిపే మాట ఒకటి తీసుకున్నారు. రెండు చోట్లా అది ‘అవును’ అనే మాటకి తోబుట్టువు. మనిషి ఎవరితోనైనా ‘అవును’ అంటే వాళ్ల మాటకు తన మాట కలుపుతున్నాడు, అంతే కదా. వాళ్ల మాట, ఔర్ నా మాట.

హెల్సింకీ నుంచి ఓడలో రెండు గంటలు పోతే ఎస్టోనియా రాజధాని తాలిన్. ఒక శనివారం తీసుకెళ్లారు. అక్కడ ‘య’ అంటే మరియు, ‘యహ్’ అంటే అవును. ఇందాక గోతిక్‌లో ఎలా ఉందో గుర్తుందా? అక్కడ యా అవును, యహ్ మరియు. సరిగ్గా తిరగేశారు! ఎస్టోనియన్ య పాత కాలం అమానత్. యహ్ మాత్రం తర్వాత, ఆ దేశాన్ని జర్మన్ జమీందార్లు, స్వీడిష్ రాజులు ఏలిన కాలంలో అంటుకున్న మాట. ఒకే ఇంటి నుంచి రెండుసార్లు సరుకు తెచ్చుకుంటే రెండోసారి డబ్బాల మూతలు మారిపోయినట్టు.

ఇక అవును వైపు వద్దాం. జర్మన్లకు యా లేకపోతే పెళ్లే లేదు. నికాహ్‌లో మన ‘కుబూల్ హై’ ఎంతో వాళ్లకు యా అంత. పెళ్లికి ఒప్పుకోవడాన్ని వాళ్లు ‘యా మాట ఇవ్వడం’ అంటారు. మామూలు మాటల మధ్యలో కూడా యాని ఉప్పులా చల్లుతారు. ‘నీకు తెలుసు కదా’ అనేటప్పటి మన ‘కదా’ పని దానిది. ఇంగ్లిష్‌లో ఇదే మాట పూర్వం ‘యే’. దానికి ‘అలాగే అగుగాక’ అనే అర్థం వచ్చే ముక్క తగిలిస్తే ‘యెస్’ అయింది. అంటే యెస్‌లో సగం యానే. మన పిల్లలకు ఆ సగం చాలు. ‘తిన్నావా?’ అంటే ‘యా’. ‘నమాజ్ చదివావా?’ అంటే ‘యా యా’. ఆ రెండో యా వినిపించిందంటే చదవలేదని మా ఇంట్లో లెక్క.

స్వీడిష్‌లో అవునుకి రెండు మాటలున్నాయి. ‘వస్తావా?’ అని అడిగితే ‘యా’. ‘రావా?’ అని లేదన్నట్టు అడిగితే, వచ్చేవాడు యా అనకూడదు, ‘యూ’ అనాలి. ‘ఎందుకు రానూ, వస్తాను’ అని. జర్మన్‌లో ఆ పని ‘దోఖ్’ చేస్తుంది. ఇంగ్లిష్‌లో కూడా ఒకప్పుడు యే మామూలు ప్రశ్నకి, యెస్ ఇలాంటి కాదన్న ప్రశ్నకి అని విడివిడిగా ఉండేవి. తర్వాత కలిసిపోయాయి. ఇది చదువుతుంటే నాకు చిన్నప్పుడు అరబీ చెప్పిన ఆపా గుర్తొచ్చారు. అరబీలో మామూలు అవునుకి ‘నఅమ్’, కాదన్న ప్రశ్నని కొట్టేసే అవునుకి ‘బలా’. సూరా ఆరాఫ్ 172వ ఆయత్‌లో రూహ్‌లన్నీ అల్లాహ్ అడిగిన సవాల్‌కి ఇచ్చిన జవాబ్ బలానే. ఉర్దూ షాయర్లు ‘రోజె అలస్త్’ అంటూ ఎప్పుడూ తలుచుకునేది ఆ రోజునే. సవాల్ ‘కానా?’ అనే పద్ధతిలో ఉంది. అక్కడ నఅమ్ అని ఉంటే ‘అవును, కావు’ అని అర్థం మారి కుఫ్ర్ అయ్యేదని హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి.) చెప్పినట్టు అరబీ వ్యాకరణ పుస్తకాల్లో ఉంటుంది. ఆపా ఆ సంగతి చెప్పేటప్పుడు వేలు పైకెత్తేవారు. ఒక చిన్న మాట బరువు ఎంతో నాకు మొదట అర్థమైంది ఆ వేలు చూసే. స్వీడన్‌లో బస్సు కోసం నిలబడ్డ మనుషులు రోజూ పొద్దున్నే నఅమ్‌కీ బలాకీ తేడా పాటిస్తారని ఆవిడకి చెప్పి ఉంటే ఎంత సంతోషించేవారో.

(స్వీడన్ ఉత్తరాన ఉమేయో వైపు జనం ఈ ‘యూ’ని పలకరు, పీలుస్తారు. ‘ష్వుప్’ అని గాలి లోపలికి లాగితే అవునని అర్థం. మొదటిసారి చూసినవాళ్లు ఆయాసం వచ్చిందేమో అనుకుంటారట.)

కేప్ టౌన్ మాట కూడా చెప్పుకోవాలి. డచ్ నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాషలోనూ యా అంటే అవునే. ఆ భాషని మొదట్లో పుస్తకాల్లోకి ఎక్కించిన వాళ్లలో అక్కడి ముస్లిములున్నారు, అదీ అరబీ లిపిలో. ఉస్మానియా సల్తనత్ 1862లో పంపగా కేప్‌కి వచ్చిన అబూబకర్ ఎఫెందీ మదర్సా పిల్లల కోసం ఆఫ్రికాన్స్‌లో ‘బయానుద్దీన్’ రాశాడు. 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. మన పొరుగున తమిళ ముస్లిములు అరబీ లిపిలో రాసుకున్న అర్వీ లాంటిదే ఇదీ. ఊరి భాష ఏదైతే అది మన భాషే అనుకున్న బుజుర్గులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

మరి ఫిన్నిష్ వాళ్లు అవును అని ఎలా అంటారు? పార్లమెంటులో ఓటు వేసేటప్పుడు ‘యా’ అంటారు, స్వీడిష్ రాజుల కాలం వాసన అది. మాటల్లో ‘యో’ అంటారు, అదీ స్వీడిష్‌దే. ‘క్యుల్లా’ అనే సొంత మాట ఒకటుంది, దాని మొదటి అర్థం ‘చాలినంత’, మన బస్ లాంటిది. కానీ అసలు అలవాటు వేరు. అడిగిన క్రియనే తిప్పి చెప్తారు. ‘తులెత్కో?’ అంటే వస్తావా, జవాబ్ ‘తులెన్’, వస్తాను. మనమూ అంతే కదా! ‘తిన్నావా?’ ‘తిన్నా.’ ‘ఇస్తావా?’ ‘ఇస్తా.’ పెళ్లిలో ఫిన్నిష్ వధువు యా అనదు. ‘తహ్దోన్’ అంటుంది, కోరుకుంటున్నాను అని. ఆ మాటలోనే ‘నేను’ ఉంది. ‘కుబూల్ హై’లో ఆ నేను కనిపించదు. తెలుగు ‘ఒప్పుకున్నాను’లో కనిపిస్తుంది. నికాహ్‌లో అడిగినప్పుడు ఆడపిల్ల తల వంచుకుంటే చాలు అనుకునే ఇళ్లలో పుట్టినదాన్ని, ఈ చివర వచ్చే ‘ను’ మీద నాకు కొంచెం ముహబ్బత్ ఎక్కువే.

ఇప్పుడు ‘లేదా’ సంగతి. ఫిన్నిష్‌లో దానికి రెండు మాటలు. ‘తాయ్’ అంటే ఇదైనా అదైనా, ఏదైనా పర్లేదు. ‘వాయ్’ అంటే తేల్చి చెప్పు, ఒకటే. ప్రశ్నల్లో రెంటిలో ఒకటి తేల్చమని అడిగేటప్పుడు వాయ్ వస్తుంది. ఉర్దూ యా రెండు పనులూ చేస్తుంది. మనల్ని జిందగీ అంతా అడిగిన యా మాత్రం వాయ్ రకమే. ‘మీరు ముస్లిములా, తెలుగువాళ్లా?’ ఈ సవాల్ నన్ను బస్సులో అడిగారు, స్టాఫ్ రూమ్‌లో అడిగారు. ‘తెలుగు ఇంత బాగా చెప్తున్నారే!’ అనే తారీఫ్ వెనక కూడా ఉన్నది ఆ వాయ్ ఒక్కటే. అటు మనవాళ్లు తక్కువ తిన్నారా? కొడుకు పెళ్లి రిష్తా వచ్చినప్పుడు తెలిసింది.

మా బహూ గుంటూరు వైపు నూర్‌బాషా వాళ్ల పిల్ల. వాళ్లింట్లో తరతరాలుగా తెలుగే. నమాజ్, రోజా అన్నీ ఉన్నాయి, ఉర్దూ లేదు. మా ఖాందాన్‌లో పెద్దవాళ్లు ముక్కు విరిచారు. ‘ఉర్దూ రాని ఇంటి పిల్ల రేపు పిల్లలకు ఏం నేర్పుతుంది’ అని ఒకరు, ‘దస్తర్‌ఖాన్ దగ్గర ఏం మాట్లాడుకుంటారు’ అని ఇంకొకరు. కూరలో ఉప్పు తగ్గిందని తెలుగులో చెప్పినా ఉర్దూలో చెప్పినా ఒకటే అని మా అబ్బాయి అన్నాడు. పెళ్లి జరిగింది. కానీ ఆ మాటలు ఆ పిల్ల చెవిన పడ్డాయి. పెళ్లయిన కొత్తలో మా ముందు తెలుగు మాట్లాడాలంటే ఒక క్షణం ఆగేది. నేను తెలుగు పాఠం చెప్పే మనిషినని తెలిసినా ఆగేది. ఆ ఆగడం నాకు ఎప్పుడూ గుచ్చుకునేది.

ఫిన్లాండ్‌లో జనాభా రిజిస్టర్ అని ఉంటుంది. అక్కడ ఉండే ప్రతి మనిషికీ అందులో మాతృభాష రాస్తారు. ఒకటే రాయాలి. రెండు రాయడానికి వీల్లేదు. ‘య’ని రోజుకు వెయ్యిసార్లు పలికే జనం ఆ గడి దగ్గరికి వచ్చేసరికి వాయ్ అంటారు! పెద్దవాడు పుట్టినప్పుడు మా అబ్బాయి అడిగితే బహూ ‘మీ ఇష్టం’ అందట. వాడు ఉర్దూ అని రాశాడు. అప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, ఫోన్లో విని ఊరుకున్నాను. మా అమ్మీ మాత్రం చాలా సంతోషించింది.

ఈసారి నేను అక్కడే ఉన్నాను. పాప పుట్టిన నెలకి పేరు కాగితం నింపాలి. పేరు, దాని కింద మాతృభాష. రాత్రి పది, బయట ఇంకా పట్టపగల్లా వెలుతురు. మా అబ్బాయి పెన్ను పట్టుకుని, ‘అమ్మీ, అన్నకి ఉర్దూ ఉంది కదా, దీనికీ అదే రాస్తే రేపు కాగితాల్లో తేడా రాదు’ అన్నాడు. నేను బహూ వైపు చూశాను. పాపకి పాలు పడుతూ ఉంది. తన నానీ పాడిన జోలపాట ఏదో తెలుగులో సన్నగా పాడుతోంది, మేం మాట్లాడుకోవడం వినపడనట్టే. పాట ఆపి, ‘ఒకసారి ఇటివ్వండి’ అంది. ఒక చేత్తో పాపని పట్టుకుని, ఇంకో చేత్తో ఆ గడిలో రాసింది. ఫిన్నిష్ వాళ్లు కూడా ఆ మాటని తెలుగు అనే రాస్తారు, ఆరు రోమన్ అక్షరాలు. మా అబ్బాయి నన్ను చూశాడు. ‘చాయ్ పెట్టనా?’ అని లేచాను.

కాగితం పోయింది, మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఆ దేశం రిజిస్టర్‌లో మా ఇంటి అన్న మాతృభాష ఉర్దూ, చెల్లెలి మాతృభాష తెలుగు. మా అమ్మీకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. రంజాన్ తర్వాత చెబుదామని మా చెల్లెలు అంటోంది.